రేర్ ఎర్త్స్: ఇసుక మన దగ్గరుంటే అయస్కాంతం చైనా నుంచి ఎందుకు?

రేర్ ఎర్త్స్ అంటే బలమైన అయస్కాంతాల్లాంటి వాటికి పనికొచ్చే ఒక లోహాల కుటుంబం. వాటిలో కొన్నిటి ఎగుమతికి చైనా లైసెన్స్ పెట్టి పేపర్లలో గొడవ మొదలైన దగ్గర్నుంచి ఈ శీర్షికకి వస్తున్న ప్రశ్నల్లో చాలావరకు వాటి మీదే. అందుకే ఈసారి వాటన్నిటినీ ఒకచోట పెట్టాం. కొన్నిటికి జవాబు బాగా సాగింది, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి.

ప్రశ్న: మాది భావనపాడు దగ్గర పల్లె. మా ఒడ్డున నల్లటి ఇసుక ఉంటుంది. అందులో రేర్ ఎర్త్స్ ఉన్నాయనీ, బస్తాల లెక్కన కొనేవాళ్లు ఉన్నారనీ అంటున్నారు. మా పొలం పక్కనున్నదైనా తీసుకోవచ్చా? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

తీసుకోకూడదు, ఎవరైనా కొంటామని వస్తే వాళ్ల దగ్గరికి కూడా వెళ్లొద్దు. ఇక మీ ఇసుకలో ఏముందో చెప్తాను. మీకు నల్లగా కనిపించేది ఎక్కువగా ఇల్మనైట్, అంటే టైటానియం ఖనిజం. ఎర్రటి గింజలు గార్నెట్. రేర్ ఎర్త్స్ ఉండేది మోనజైట్ అనే ఖనిజంలో, అది తేనె రంగులోనో గోధుమ రంగులోనో సన్నటి గింజల్లా ఉంటుంది, నల్ల ఇసుక గుప్పెడు తీసుకున్నా అందులో దాని పాలు బాగా తక్కువ. అయినా తీరం పొడవునా లెక్కేస్తే చిన్న సంగతి కాదు: దేశం మొత్తం మీద మోనజైట్ సుమారు 1.3 కోట్ల టన్నులుంటే అందులో 37 లక్షల టన్నులకి పైగా ఒక్క ఆంధ్ర తీరంలోనే ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ అంచనా, ఇంకే రాష్ట్రానికీ అంత లేదు.

మోనజైట్‌లో సగానికి పైగా రేర్ ఎర్త్ ఆక్సైడ్లే, కాకపోతే వాటితో పాటు ఎనిమిది పది శాతం థోరియం, కాస్త యురేనియం అనే రేడియోధార్మిక లోహాలు కూడా ఉంటాయి. చిక్కంతా అక్కడే. దాన్ని అణు ఖనిజం కింద లెక్కేస్తారు కాబట్టి ఆ పనంతా ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉంది, ముఖ్యంగా 1950లో పుట్టిన ఐఆర్ఈఎల్ (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) చేతిలో. ఒడిశాలోని ఛత్రపూర్ దగ్గర ఇసుకని శుద్ధి చేస్తారు, కేరళలోని అలువాలో మూలకాలని విడదీస్తారు. మన విశాఖలో కూడా 2023లో ఒక ప్లాంటు మొదలైంది. అక్కడ సమేరియం అనే రేర్ ఎర్త్‌కి కోబాల్ట్ కలిపి చేసే అయస్కాంతాలు ఏడాదికి 3,000 కిలోలు చేయొచ్చు. అవి రక్షణ, అణు, అంతరిక్ష అవసరాలకి సరిపోయే సరుకు, మీ స్కూటర్ మోటారులో వేసేది వేరే రకం.

ప్రశ్న: ఇంటర్‌లో "లాంథనైడ్ సంకోచం" బట్టీ పట్టి రాసేస్తున్నాం. ఇది జీవితంలో ఎక్కడైనా పనికొస్తుందా సార్? (గుంటూరు విద్యార్థిని)

అమ్మా, మీరు రెండు మార్కులకి రాసే ఆ జవాబు మీదే ఇప్పుడు దేశాలు కొట్టుకుంటున్నాయి.

రేర్ ఎర్త్స్ మొత్తం 17. లాంథనం నుంచి లుటీషియం దాకా 15, వాటికి స్కాండియం, యిట్రియం తోడు. పేరుకి అరుదైనవే కానీ, భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి అంత ఉంది, బాగా తక్కువ దొరికే థూలియం కూడా వెండి కన్నా ఎక్కువే ఉంది. ప్రొమీథియం ఒక్కటే నిజంగా అరుదు, ఎందుకంటే అది రేడియోధార్మికతతో కరిగిపోతూ ఉంటుంది. మరి కష్టం ఎక్కడుందంటే, ఇవన్నీ ఒకే రాయిలో కలిసి ఉంటాయి, విడిపోవు. లాంథనం దగ్గర్నుంచి ముందుకి పోయేకొద్దీ కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్లు లోపలి 4ఎఫ్ ఆర్బిటాళ్లలోకి పోతాయి, అవి కేంద్రకం లాగుడుని సరిగా అడ్డుకోలేవు, దాంతో అయాన్ కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. మీ లాంథనైడ్ సంకోచం ఇదే. మూడు ధనావేశాలున్న లాంథనం అయాన్ వ్యాసార్థం సుమారు 103 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), చివరనున్న లుటీషియందేమో 86. మధ్యలో పద్నాలుగు మెట్లు, అంటే మెట్టుకి పికోమీటరు చిల్లర తేడా! బయటికి కనిపించే ఎలక్ట్రాన్లు అన్నిటికీ ఒకేలా ఉన్నప్పుడు రసాయనాలకి మాత్రం తేడా ఎలా తెలుస్తుంది? బీపీటీ, హెచ్ఎంటీ బియ్యం కలిపేసి చేత్తో ఏరమన్నట్టే.

దీన్ని తేల్చడానికి రసాయన శాస్త్రానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1787లో స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గరున్న యిటర్బీ అనే క్వారీలో అరేనియస్ అనే సైనికాధికారికి నల్లటి బరువైన రాయి ఒకటి దొరికింది. 1794లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త యోహాన్ గాడోలిన్ అందులో కొత్త ఆక్సైడ్ ఉందని తేల్చాడు. అది ఒకే పదార్థం అనుకున్నారు, తీరా తవ్వితే లోపల ఇంకోటి, దాంట్లో మరోటి. యిట్రియం, టెర్బియం, ఎర్బియం, యిటర్బియం, ఈ నాలుగు పేర్లూ ఆ ఒక్క ఊరి పేరు మీదే వచ్చాయి. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త మొసాండర్ 1841లో "డిడిమియం" అనే మూలకాన్ని కనిపెట్టానన్నాడు, నలభై ఏళ్లకి పైగా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది, 1885లో ఆస్ట్రియాకి చెందిన ఆవుర్ ఫాన్ వెల్స్‌బాఖ్ దాన్ని రెండుగా చీల్చి నియోడిమియం, ప్రసియోడిమియం అని చూపించాడు. ఇక 1911లో అమెరికాలో చార్లెస్ జేమ్స్ శుద్ధమైన థూలియం కోసం ఒకే లవణాన్ని దాదాపు 15,000 సార్లు కరిగించి, మళ్లీ స్ఫటికాలు చేశాడు. అంత ఓపిక ఎక్కడిదో మరి. చివరిదైన ప్రొమీథియం 1945లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో, అణు రియాక్టర్ వ్యర్థాల్లో బయటపడింది.

ఇప్పుడు ఆ విడదీసే పని ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌తో చేస్తారు. ఆమ్లంలో కరిగిన ఖనిజాన్నీ, కిరోసిన్ లాంటి నూనెలో కలిపిన రసాయనాన్నీ తొట్టెలో చిలకడం, ఆగనివ్వడం, పైనున్న నూనెని పక్క తొట్టెకి పంపడం. ఒక్కో తొట్టెలో వేరయ్యేది రవ్వంతే కాబట్టి వందల తొట్టెలు వరసగా పెట్టాలి. ఆమ్లం ఖర్చు, వ్యర్థాల బెడద, థోరియం తలనొప్పి... మిగతా దేశాలు వద్దనుకున్న ఈ పనిని చైనా పట్టుదలగా చేసుకుంటూ వచ్చింది. ఒకప్పుడు కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని ప్రపంచంలో నంబర్ వన్, కలర్ టీవీలో ఎరుపు రంగుకి కావలసిన యూరోపియం అక్కడిదే. ఇప్పుడు ప్రపంచ శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాది.

ప్రశ్న: మా చిన్నప్పుడు పెళ్లిళ్లలో, నాటకాల్లో పెట్రోమాక్స్ లైట్లు పెట్టేవారు. ఆ మాంటిల్‌లో రేడియేషన్ ఉండేదని మా మనవడు అంటున్నాడు. నిజమా? (వరంగల్ పాఠకుడు)

నిజమేనండీ, మనవడు సరిగ్గానే చెప్పాడు. నియోడిమియం విడదీసిన వెల్స్‌బాఖే ఆ మాంటిల్ (లైటులో తెల్లగా వెలిగే వల సంచి) కూడా చేశాడు: 99 శాతం థోరియం ఆక్సైడ్, ఒక శాతం సీరియం ఆక్సైడ్. ఆ ఒక్క శాతం లేకపోతే మాంటిల్ వెలవెలబోతుంది. ఆ థోరియం కోసమే మోనజైట్‌కి గిరాకీ వచ్చింది, 1909లో షాంబర్గ్ అనే జర్మన్ తిరువాంకూరు తీరంలో దాన్ని గుర్తించింది కూడా అందుకే. విచిత్రం ఏంటంటే అప్పట్లో రేర్ ఎర్త్స్ చెత్త కింద లెక్క, థోరియం తీసేశాక మిగిలిన సీరియం కుప్పలు ఏం చేయాలో తెలిసేది కాదు. దానికి ఇనుము కలిపి 1903లో వెల్స్‌బాఖే నిప్పురవ్వలు రాల్చే లోహం చేశాడు. సిగరెట్ లైటర్‌లో చక్రం కింద ఉండే చిన్న రాయి అదే. మాంటిల్ నుంచి వచ్చే రేడియేషన్ స్వల్పం, పెళ్లిలో పక్కన కూర్చున్నందుకు ఇప్పుడు టెన్షన్ పడక్కర్లేదు. పాత మాంటిల్స్ అటక మీద ఉంటే మాత్రం వాటి పొడి పీల్చొద్దు, పిల్లలకి ఇవ్వొద్దు.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. ఎవరో బర్త్‌డేకి చిన్న చిన్న గోళీల్లాంటి మాగ్నెట్స్ ఇచ్చారు. ఆడుకోనివ్వచ్చా? (విజయవాడ నుంచి ఒక అమ్మ)

వద్దండీ. అవి మామూలుగా నియోడిమియం కలిపి చేసే బాగా బలమైన అయస్కాంతాలు. ఈరోజే తీసి దాచేయండి. ఒక గోళీ మింగితే బయటికి వచ్చేయొచ్చు, రెండు వేర్వేరుగా మింగితే పేగు మడతల మధ్య గోడలకి అటొకటి ఇటొకటి అతుక్కుంటాయి, మధ్యలో గోడ నలిగి చిల్లు పడుతుంది. మొదట్లో మామూలు కడుపునొప్పిలాగే ఉంటుంది కాబట్టి అనుమానం వస్తే రేపటిదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి "మాగ్నెట్ మింగి ఉండొచ్చు" అని ఆ మాటే చెప్పండి. ఇంట్లో పేస్‌మేకర్ పెట్టుకున్న పెద్దవాళ్లున్నా ఇవి దూరంగా ఉండాలి.

ప్రశ్న: నేను ఎలక్ట్రిక్ స్కూటర్లు రిపేర్ చేస్తాను. పోయినేడాది మోటార్లకి కటకట అన్నారు. నియోడిమియం రాలేదనా? మామూలు మాగ్నెట్ వేసుకోలేరా? (హైదరాబాద్, మెకానిక్)

మీ మోటార్‌లోని అయస్కాంతంలో నియోడిమియం మూడో వంతు కూడా ఉండదు, ఎక్కువ భాగం ఇనుమే, పైన చిటికెడు బోరాన్. 1980ల మొదట్లో జపాన్‌లో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌లో క్రోట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని కనిపెట్టారు. బలం బ్రహ్మాండం కానీ వేడి పడదు. మామూలు రకం 80 డిగ్రీలు దాటితే పట్టు వదలడం మొదలుపెడుతుంది. మే నెల ఎండ, ఇద్దరు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కడం, మోటార్ లోపల ఎంత వేడి పుడుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ వేడి తట్టుకోవడానికే కొంచెం డిస్ప్రోసియమో టెర్బియమో కలుపుతారు.

2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతికి లైసెన్స్ పెట్టింది సరిగ్గా వీటి మీదే. సమేరియం, గాడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, యిట్రియం. ఏడు పేర్లలో నియోడిమియం లేదు చూడండి! కూరంతా మార్కెట్లో ఉన్నా తాలింపు ఆపేశారు, అవి కలిసిన అయస్కాంతాలు కూడా ఆగిపోయాయి. మన మోనజైట్‌తో ఈ లోటు పూడదు, అందులో ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం లాంటి తేలిక రకాలు. బరువైన డిస్ప్రోసియం చాలా తక్కువ.

మామూలు మాగ్నెట్ అంటే ఫెరైట్, ఐరన్ ఆక్సైడ్‌తో చేసేది. వేసుకోవచ్చు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్లు చాలావాటిలో ఉండేది అదే. కానీ అదే లాగుడు రావాలంటే మోటార్ సైజు, బరువు పెరుగుతాయి, ఉన్న మోటార్‌లో పీకి పెట్టడం కుదరదు, డిజైన్ మొదట్నుంచి మార్చాలి. 2025 నవంబరులో కేంద్రం 7,280 కోట్ల రూపాయల పథకం పెట్టింది, ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు ఇక్కడే చేయాలని. మంచిదే. కానీ ఫ్యాక్టరీ కట్టడం కన్నా ముందు చెప్పిన ఆ తొట్టెల వరస నడిపే మనుషుల్ని తయారుచేయడం కష్టం, నా అనుమానమంతా అక్కడే.

ప్రశ్న: ఎమ్మారై స్కాన్‌కి ముందు ఇచ్చే ఇంజెక్షన్‌లో కూడా రేర్ ఎర్తే ఉంటుందట కదా? (కర్నూలు)

అవును, గాడోలినియం. దాని అయస్కాంత గుణం వల్ల స్కాన్‌లో గడ్డలు, రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తాయి. విడిగా అది విషమే కాబట్టి వేరే అణువులో గట్టిగా బంధించి ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి, అందుకే కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ టెస్ట్ అడుగుతారు. ఇంకో సంగతి, గాడోలినియం లోహం 20 డిగ్రీల లోపు ఇనుములా అయస్కాంతానికి అతుక్కుంటుంది, అంతకన్నా వేడెక్కితే ఆ పట్టు పోతుంది. మీ కర్నూలు ఎండలో దాని పప్పులుడకవు.

ప్రశ్న: పాత హార్డ్‌డిస్కులో మంచి మాగ్నెట్స్ ఉంటాయట. విప్పొచ్చా? (తెనాలి, బీటెక్ విద్యార్థి)

విప్పొచ్చు. డిస్క్ మీద తిరిగే చెయ్యి మొదట్లో, ఇనుప పట్టీలకి అతికించిన నెలవంక ఆకారం ముక్కలు ఉంటాయి, అవే నియోడిమియం అయస్కాంతాలు. స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా పట్టీని కొంచెం వంచితే ఊడివస్తాయి. కళ్లజోడు పెట్టుకోండి, రెండిటినీ దగ్గరికి తేకండి, టప్పున కొట్టుకుని పెంకులు లేస్తాయి, వేలు మధ్యలో ఉంటే నెత్తురు గడ్డకడుతుంది. పైనున్న నికెల్ పూత గీరొద్దు, లోపలిది తుప్పు పట్టి పొడైపోతుంది. డ్రిల్ మాత్రం అస్సలు పెట్టొద్దు, ఆ పొడి నిప్పంటుకుంటుంది.