హాస్యనటి లూసిల్ బాల్‌ను అమెరికా టెలివిజన్‌లో అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టిన లూసిల్ హాలీవుడ్‌లో ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలే వేశారు. పేరు తెచ్చింది 1951లో సీబీఎస్ టీవీ చానెల్‌లో మొదలైన హాస్య ధారావాహిక ‘ఐ లవ్ లూసీ’. క్యూబాలో పుట్టిన తన భర్త డెసీ ఆర్నాజే తెరమీదా భర్తగా ఉండాలని ఆమె పట్టుబట్టి సాధించారు. ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఫిల్ముపై తీయడం వల్లే ఆ భాగాలు నేటికీ మిగిలాయి. చాక్లెట్ ఫ్యాక్టరీ సన్నివేశం తప్పక చూడండి: బెల్టుపై మిఠాయిలు ముంచుకొస్తుంటే నోట్లో, టోపీలో కుక్కుకుంటారు. మాట అక్కరలేని హాస్యం అది! నాకు అంతకన్నా గొప్పగా తోచేది మరొకటి. విడాకుల తర్వాత, 1962లో ఇద్దరూ కలిసి పెట్టిన డెసీలూ స్టూడియోలో డెసీ వాటా కొని, దానికి ఆమే అధిపతి అయ్యారు. అంతరిక్ష కథల టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్’ మొదలైంది అక్కడే. 1989లో కన్నుమూశారు.