పొదుగుకు కూర్చున్న పెట్ట గురించి బుజ్జికి

బుజ్జీ,

మీ నల్లపెట్ట పొదుగుకు కూర్చుందట, దాని కింద గుడ్లు వేసి సంక్రాంతికల్లా నాలుగు కోళ్ళని నలభై చేస్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకటే సంతోషం, ఒకటే టెన్షన్. ఈ పని మా అమ్మతోనే పోయిందనుకున్నాను, ఇప్పుడు మనవరాలి చేతికొచ్చింది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటావు, తీరా పనిలో దిగాక ఒక్కటీ గుర్తుండదు. అందుకే రాసి పంపిస్తున్నాను, దాచుకో.

ముందు ఆ నలభై మాట మానెయ్యి. నాటుపెట్ట కింద పది గుడ్లు వేస్తే ఏడెనిమిది పిల్లలు రావడమే మంచి పొదుగు. గద్ద, కాకి, బావురుపిల్లి ఎత్తుకుపోయినవి పోగా ఐదారు పెద్దవైతే నువ్వు బాగా చూసుకున్నట్టే. రెండో పెట్ట, మూడో పెట్ట కూర్చునే కొద్దీ దొడ్డి దానంతటదే నిండుతుంది.

పెట్ట నిజంగా కూర్చుందో లేదో చూసుకో. రాత్రిళ్ళు కూడా గూట్లోనే ఉండాలి, చెయ్యి దగ్గరికి పెడితే ఈకలు ఉబ్బించి కుర్రుమనాలి. రెండు రాత్రులు ఉత్తుత్తి గుడ్డు పెట్టి చూశాక అసలు గుడ్లు వెయ్యి. తట్టలో అడుగున ఊక, పైన వరిగడ్డి గుంటలా సర్దు. పేలు పట్టకుండా కాస్త బూడిద, నాలుగు వేపరెమ్మలు వెయ్యి. మా అమ్మ ఒక ఇనుప మేకు, రెండు ఎండుమిరపకాయలు కూడా పెట్టేది, అలా చేస్తే ఉరుములకి గుడ్లు మురిగిపోవని ఆవిడ నమ్మకం. నువ్వూ పెట్టు.

గుడ్లు వారం లోపువి అయి ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టినవి పనికిరావు. మట్టి అంటిందని కడగొద్దు, గుడ్డు మీద ఉండే సన్నటి పూత పోతే లోపలికి చెడు చేరుతుంది. సన్నటి కొన కిందికి ఉండేలా చల్లటి చోట దాచు. కొట్లో దొరికే ఫారం గుడ్లు ఎన్ని రోజులు పొదిగించినా పిల్లలు కావు, ఆ కోళ్ళ మధ్య పుంజు ఉండదు. గ్రామప్రియ గుడ్లు ఎవరో ఇస్తామన్నారట. ఆ జాతి, వనరాజా, రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైనవి. గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగుకు కూర్చోవడం చాలా అరుదు. పైగా అవి సంకరజాతులు కాబట్టి దొడ్లో తిరిగే వాటి గుడ్లకి పుట్టే పిల్లలు అచ్చం తల్లిలా రావు. రేపు పొదిగే పెట్టలు కావాలంటే మన నాటుగుడ్లే వెయ్యి.

ఇప్పుడు మీ తాతయ్య సంగతి చెబుతాను. ఇది మాత్రం ఓపిగ్గా చదువు.

1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు నాగాయలంక దగ్గర మన ఊళ్ళో డాబా ఎక్కగలిగిన వాళ్ళం మిగిలాం. మీ అమ్మ అప్పటికి చంటిపిల్ల. తెల్లారి దిగి చూస్తే దొడ్లో గొడ్డు లేదు, గూడు లేదు, కోడి ఈక లేదు. కొన్నాళ్ళకి చల్లపల్లి నుంచి మా మేనమామ గంపలో ఒక పెట్టనీ పుంజునీ తెచ్చి ఇచ్చాడు. ఆ పెట్ట పెట్టిన గుడ్లలో ఒక్కటి కూడా అమ్మ మాకు వండి పెట్టలేదు. తవుడు పోసిన కుండలో దాచి, అది పొదుగుకు కూర్చోగానే పది వేసింది.

నాన్న అక్కడితో ఆగలేదు. ఖాళీ దొడ్డిని ఆయన చూడలేకపోయేవాడు. ఏ చుట్టాలింటికి వెళ్ళినా కండువాలో రెండో మూడో గుడ్లు మూటగట్టుకొచ్చి, రాత్రిపూట మెల్లగా పెట్ట కిందికి తోసేవాడు. అమ్మ వద్దంటే, "ఎలాగూ కూర్చునే ఉందిగా, ఇంకో రెండైతే దానికేం బరువు" అనేవాడు. అలా పంతొమ్మిది అయ్యాయి. ఏది ఎప్పుడు వేసిందో ఎవరికీ తెలియదు.

పెట్ట గుడ్లని ఊరికే కప్పుకుని కూర్చోదు బుజ్జీ. రోజూ ముక్కుతో దొర్లిస్తూ అంచున ఉన్నవాటిని మధ్యకీ, మధ్యలో ఉన్నవాటిని అంచుకీ మారుస్తుంది. పదే ఉంటే అన్నీ దాని పొట్ట కిందే ఉంటాయి. పంతొమ్మిది ఉంటే ఈ పూట కొన్ని బయటపడి చల్లబడతాయి, రేపు ఇంకొన్ని. అదనంగా వేసిన వాటితో పాటు ముందు వేసిన మంచి గుడ్లు కూడా అలాగే పాడవుతాయి.

ఇరవై ఒకటో రోజుకి ఐదు పిల్లలు వచ్చాయి. అవి ఆరి, తిరగడం మొదలుపెట్టగానే పెట్ట వాటిని వెంటేసుకుని తట్ట దిగిపోయింది. పిల్లలు తిరుగుతుంటే ఏ తల్లీ గుడ్ల మీద కూర్చోదు. మిగిలినవి తట్టలో చల్లబడిపోతున్నాయి. అమ్మ ఒకటి తీసి నా చెవి దగ్గర పెట్టింది. లోపల్నుంచి పిల్ల కిచకిచమంటోంది. అమ్మ వాటిని పాత చీరలో చుట్టి పొయ్యి పక్కన వెచ్చటి ఊకలో పెట్టింది. నాన్న ఆగలేకపోయాడు. ఒక గుడ్డుకి చిన్న పగులు కనబడితే గోటితో పెంకు వలిచాడు. లోపలి పొర చిరిగి నెత్తురు వచ్చింది. పిల్ల ఆయన అరచేతిలోనే పోయింది. ఉప్పెనప్పుడు కూడా మా ముందు ఏడవని మనిషి, పెరటి వైపు వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఊకలో పెట్టినవి ఏవీ బతకలేదు.

ఆయన్ని తప్పుపట్టాలని రాయడం లేదు. అన్నీ పోగొట్టుకున్న మనిషి ఆత్రం అది. కానీ నువ్వు నలభై అన్నావని వినగానే నాకు నాన్న గొంతే వినిపించింది. నీకు ఆ అవసరమూ లేదు, ఆ తొందరా లేదు.

అందుకని, గుడ్లన్నీ ఒకే సాయంత్రం వెయ్యి. పదికి మించొద్దు. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో చుట్టూ గీత గియ్యి, ఎటు దొర్లినా కనబడాలి. పెట్ట మేతకు దిగినప్పుడు మిగతా కోళ్ళు వచ్చి అదే తట్టలో పెట్టిపోతాయి. గీత లేని గుడ్డు కనబడితే అదే రోజు తీసి కూర వండుకో. ఇరవయ్యో రోజు తర్వాత పెంకుకి చిల్లు పడితే అది పూర్తిగా బయటికి రావడానికి ఒక రోజు పట్టొచ్చు. ఆలోగా పొరలోని నెత్తురు, లోపలి పచ్చసొన పిల్ల ఒంట్లోకి వెళ్ళాలి. సాయం చేస్తున్నానని నువ్వు వలిస్తే చంపినట్టే. చేతులు కట్టుకుని కూర్చో తల్లీ.

ఏడో రాత్రి చీకటి గదిలో గుడ్డు కింద ఫోన్ లైటు పెట్టి చూడు. సాలీడు కాళ్ళలాగా ఎర్రటి సన్నటి నరాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క కనబడితే ప్రాణం పోసుకున్నట్టు. అంతా తేటగా కనబడితే అందులో పిల్ల లేదు, తీసెయ్యి. పెట్ట రోజుకి ఒకసారి దిగి పావుగంటో ఇరవై నిమిషాలో తిరిగొస్తుంది, కంగారుపడకు. దిగకుండా మొండికేస్తే నువ్వే దింపి మేత, నీళ్ళు చూపించు. పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లు ముట్టుకోవద్దు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. తోటలో షెడ్డులో పొదగేస్తానన్నావట. వద్దు. ఇంటి వెనక సామాన్ల గదిలో, నడుము ఎత్తు బల్ల మీద పెట్టు. ఇది తుఫాన్లు వచ్చే కాలం, రేకుల షెడ్డుని నేను నమ్మను. అంతకంటే పెద్ద భయం పాము. నాగులచవితికి పుట్టలో పాలతో పాటు గుడ్డు ఎందుకు వేస్తామో నీకు తెలుసు. జెర్రిపోతైతే గుడ్లు మింగి పోతుంది, తాచుపాము అయితే నీ చెయ్యి అక్కడ ఉంటుంది. మా వీధిలో ఒకావిడ తెల్లవారుజామున గుడ్ల కోసం గూట్లో చెయ్యి పెట్టింది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు కాబట్టి బతికింది. పగలైనా సరే, టార్చి వేసి చూడకుండా తట్టలో చెయ్యి పెట్టనని నాకు మాటివ్వు. దేవుడు చల్లగా చూసి అలాంటిదేమీ జరగకూడదు గానీ, జరిగితే కట్లు, కోతలు, నాటువైద్యం అని ఒక్క నిమిషం కూడా పోనివ్వకుండా 108కి ఫోన్ చెయ్యండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఉంటుంది. మీ ఆయనకి కూడా ఈ పేరా చదివి వినిపించు.

పిల్లలు వచ్చాక మొదటి రోజు మేతకి తొందరలేదు, లోపలి సొన సరిపోతుంది. తర్వాత నూకలు, చెదపురుగులు. నీళ్ళు లోతులేని పళ్ళెంలో పోసి నాలుగు గులకరాళ్ళు వెయ్యి, లేకపోతే పడి మునుగుతాయి. కింద తడి ఉంటే నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి, ఊక మారుస్తూ ఉండు. కొక్కెర తెగులు వస్తే మాత్రం దొడ్డంతా ఒక్కసారే ఊడ్చుకుపోతుంది. అది రాకుండా మొదటి వారంలో కంట్లో వేసే లసోటా టీకా చుక్కలు, ఎనిమిది వారాలప్పుడు టీకా ఇంజెక్షన్, రెండూ పశువుల ఆస్పత్రిలో అడిగి వేయించు. చుక్కల మందు ఐసులో పెట్టి తీసుకురావాలి. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచకుండా మనవాటిలో కలపొద్దు.

గుడ్లు వేసిన తేదీ క్యాలెండర్ మీద రాసి ఫోటో పంపు. ఏడో రాత్రి వీడియో కాల్ చేస్తే నేనూ చూస్తాను. తట్ట కొనకు, మీ పెదనాన్న అల్లించిన వెదురుది ఉంది, నూజివీడు బస్సులో పంపిస్తాను. టార్చి మాత్రం రేపే కొనుక్కో.

మీ పెద్దమ్మ