మూడో అధ్యాయంలో ‘పరిశోధన తత్వం’ కింద ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఒడిశా–ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగర్ వైపు తెలుగు ఇళ్ల పిల్లలకు తెలుగు చదవడం, రాయడం ఎందుకు రావడం లేదన్నది మీ పీహెచ్‌డీ విషయం. పది ఒడియా మీడియం బడుల్లో బడికి 20 మంది చొప్పున 200 మందికి ప్రశ్నావళి ఇస్తారు, 15 మంది తల్లులను ఇంటర్వ్యూ చేస్తారు. మూడో అధ్యాయంలో ఆంటాలజీ (అసలు ఏది ఉందని మీ నమ్మకం), ఎపిస్టెమాలజీ (అది ఎలా తెలుస్తుందని మీ నమ్మకం) రాయమన్నారు గైడ్ గారు. పాజిటివిజం (కొలిచి, పరీక్షించి తేల్చే దారి) అని రాయాలా, ఇంటర్‌ప్రెటివిజం (మనుషులు ఇచ్చే అర్థాలను వివరించే దారి) అని రాయాలా అన్నది మీ సందేహం.

ముందు పేరు ఎంచుకోకండి. ఈ అధ్యాయాలు చదివేటప్పుడు నాకు తరచూ కనబడే లోపం అదే. పుస్తకంలోంచి నాలుగు ‘ఇజాల’ నిర్వచనాలు దించి, ఒకదాని పక్కన టిక్కు పెట్టి, తర్వాత దానితో సంబంధం లేని పని చేస్తారు. మీ తత్వం మీ ప్రశ్నావళిలో ఇప్పటికే ఉంది. దాన్ని అక్కడి నుంచి బయటికి తీసి రాయడమే మీ పని.

మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ‘తెలుగు ఇల్లు’ అంటే ఏది? మన జనగణన ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే చనిపోతే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. ఈ నిర్వచనం తీసుకుంటే మాతృభాష ఒకటే ఉంటుందనీ, అది ఇప్పుడు మాట్లాడే భాషతో సంబంధం లేకుండా స్థిరంగా ఉంటుందనీ ఒప్పుకున్నట్టే. కానీ మన సరిహద్దులో నాయనమ్మతో తెలుగు, అన్నదమ్ములతో ఒడియా, సంతలో రెండూ మాట్లాడే పిల్లవాడిని ఏ గడిలో పెడతారు? ‘ఏది ఉంది’ అనే ప్రశ్నకు మీరు ఇచ్చే జవాబే ఆంటాలజీ. ఒకే గడి పెడితే ఒక జవాబు. ‘ఎవరితో ఏ భాష’ అని ఆరు వరుసల పట్టిక పెడితే ఇంకో జవాబు. నేనైతే పట్టికే పెట్టమంటాను, ఎందుకు పెట్టారో మూడు వాక్యాల్లో రాయమంటాను. ఆ మూడు వాక్యాలు పేజీడు నిర్వచనాల కంటే విలువైనవి.

తర్వాత శాంపిల్. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూగా తేల్చడానికి 384 మంది చాలని అందరూ రాస్తారు. ఆ సూత్రం ఒక్కొక్కరినీ విడిగా, యాదృచ్ఛికంగా తీసుకున్నారని అనుకుంటుంది. బడి పిల్లలు విడివిడి మనుషులుగా ఉండరు. ఒకే మాస్టారు, ఒకే వీధి, ఒకే స్నేహితులు. కాబట్టి జవాబులూ కలుస్తాయి. సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరిదీ ఒకే జవాబు అనే కొలతలో ఆ పోలిక 0.1 అనుకుందాం. బడికి 20 మంది చొప్పున తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్, అంటే ఈ పోలిక వల్ల శాంపిల్ బలం ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే అంకె, 1 + 19 × 0.1, అంటే 2.9. మీ 200 మంది లెక్కలో సుమారు 69 మందితో సమానం. పై సూత్రం ప్రకారం 200 మందికి అటూఇటూగా 7 శాతం అనుకున్న తేడా 12 శాతానికి దగ్గరవుతుంది. ఇది గణితం మాత్రమే కాదు. సమాజం అంటే విడి మనుషుల మొత్తమా, లేక బడి, వీధి లాంటివాటికి సొంత ప్రభావం ఉందా అన్న పాత వాదన ఇక్కడ అంకె రూపంలో మీ ముందుకొస్తుంది. అందుకే బడికి పది మంది చొప్పున ఇరవై బడులు తీసుకోండి. మొత్తం అంతే ఉన్నా డిజైన్ ఎఫెక్ట్ 1.9కి దిగుతుంది, 200 మంది సుమారు 105 మందితో సమానమవుతారు.

ఇంకో సంగతి. పర్లాకిమిడి బడి రిజిస్టర్ నుంచి పేర్లు తీస్తే, నది దాటి పాతపట్నం వైపు తెలుగు మీడియంలో చేరిన పిల్లలెవరైనా ఉంటే వాళ్లు మీ లెక్కలోకే రారు. తెలుగు చదువు కోసం పట్టుబట్టిన ఇళ్లే జారిపోతాయన్నమాట. ఇళ్ల జాబితా నుంచి తీయగలిగితే తీయండి. కుదరకపోతే మీ ఫలితం ‘ఇక్కడి బడుల్లో మిగిలిన పిల్లల’ గురించేనని స్పష్టంగా రాయండి.

ఇక కారణాల సంగతి. ‘ఒడియా మీడియంలో చదివితే తెలుగు చదవడం రాదు’ అన్నది మీ ప్రధాన ఊహ. దీన్ని తూచడానికి మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలోనే మంచి సాధనం ఉంది, పేరు ఉపాధి, అంటే సంబంధం వెనక దాగి ఉన్న అదనపు షరతు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, కాలిన ఇనుప ముద్దలో నిప్పే తప్ప పొగ లేదు. పొగకు తడి కట్టె కావాలి. ఆ తడి కట్టే ఇక్కడ ఉపాధి. మీ ఊహలో తడి కట్టె ఏది? తెలుగు అక్షరాలు నేర్పేవాళ్లు ఎవరూ లేకపోవడం కావచ్చు. ఒడియా మీడియంలో ఉండి, ఇంట్లో తాతగారు అక్షరాలు దిద్దించిన పిల్లలు చదవగలుగుతున్నారా? చదువుతుంటే కారణం మీడియం కాదు. స్టాటిస్టిక్స్ వాళ్లు కన్‌ఫౌండర్ (కారణంలా కనబడేదానితోనూ ఫలితంతోనూ ముడిపడి మనల్ని పొరబెట్టే మూడో అంశం) అనేదీ దీనికి దగ్గరదే. కాబట్టి ‘అక్షరాలు ఎవరు నేర్పారు, ఏ వయసులో’ అన్న ప్రశ్న మీ ప్రశ్నావళిలో లేకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ లోటు పూడ్చలేదు.

తప్పని తేలే వీలున్న ఊహే శాస్త్రీయమని తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లో చెప్పిన షరతు కూడా ఇక్కడే పనికొస్తుంది. అంటే ఏ ఫలితం వస్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటానో డేటా తీయకముందే రాసుకోవాలి. ‘భాషాభిమానం తగ్గింది’ లాంటి ఊహ ఏ ఫలితానికైనా అతుకుతుంది, అందుకే పనికిరాదు.

ఇంటర్వ్యూల దగ్గర అసలు ఎపిస్టెమాలజీ బయటపడుతుంది. ఒక తల్లి ‘మా ఇంట్లో తెలుగే మాట్లాడతామమ్మా’ అందనుకోండి. దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. ఇంట్లో ఏం జరుగుతోందో తెలిపే సాక్ష్యంగా తీసుకుంటే అది శబ్ద ప్రమాణం, అంటే నమ్మదగిన మనిషి మాట ద్వారా తెలిసే జ్ఞానం. చెప్పిన మనిషి ఆప్తురాలేనా (నమ్మదగినదేనా), ఆమెకు తెలిసే అవకాశం ఉందా అని చూడాలి, పిల్లవాడి జవాబుతో పోల్చాలి. తన ఇంటిని తెలుగు ఇల్లుగా చూపించుకోవాలన్న ఆమె కోరికకు గుర్తుగా తీసుకుంటే మాత్రం నిజమా కాదా అని పరీక్షించే పని లేదు. ఆ మాట ఎవరి ముందు, ఏ సందర్భంలో వచ్చిందో చూడాలి. రెండూ సరైనవే. ఒకే వాక్యాన్ని ఒక పేజీలో ఇలా, మరో పేజీలో అలా వాడేసి చెప్పకపోవడమే తప్పు. అలాగే అర్థాల కోసం ఇంటర్వ్యూ చేశామని రాసి, చివర్లో ‘60 శాతం తల్లులు’ అంటారు. 15 మందిలో తొమ్మిది మందిని శాతంగా మార్చి చెప్పేటంత బలం ఆ అంకెకు లేదు. ఆ భాగాన్ని పరిశోధన పద్ధతుల మీద రాసిన లింకన్, గూబా 1985లో పెట్టిన కొలమానాలతో చూపండి: చెప్పినవాళ్లకే మళ్లీ వినిపించడం, సందర్భాన్ని వివరంగా రాయడం, ఏ నిర్ణయం ఎప్పుడు ఎందుకు తీసుకున్నారో డైరీలో ఉంచడం.

మరి పేరు ఏం పెట్టాలి? రెండు పద్ధతులూ వాడాను కాబట్టి ప్రాగ్మాటిజం (సమస్య తీర్చడానికి ఏది పనికొస్తే అదే సరైనదనే దారి) అని రాయకండి, అది కారణం కాదు. ఆ దారి పట్టాలంటే మీ ఫలితంతో ఎవరికి ఏ సమస్య తీరుతుందో, తీరిందని ఎలా తెలుస్తుందో చెప్పాలి. మీ పనికి తత్వవేత్త రాయ్ భాస్కర్ 1975 నుంచి వివరించిన క్రిటికల్ రియలిజం నప్పుతుందని నా అభిప్రాయం. పిల్లలకు చదవడం రాకపోవడం మన అభిప్రాయాలతో పనిలేని వాస్తవం. దాని వెనక పనిచేసే కారణాలు నేరుగా కనబడవు. వాటి గురించి మన జ్ఞానం మాత్రం మనుషుల మాటల గుండా వస్తుంది, తప్పు కావచ్చు. సర్వే ఆ సంబంధం ఎక్కడ ఉందో చూపిస్తే, ఇంటర్వ్యూలు అది ఎలా పనిచేస్తోందో చూపిస్తాయి.

రాసేటప్పుడు నాలుగైదు పేజీలు దాటనివ్వకండి. ప్రతి పేరాలో మీరు తీసుకున్న ఒక నిర్ణయం, దాని వెనక ఉన్న నమ్మకం, దానివల్ల మీరు చెప్పలేకపోయేది, ఈ మూడూ ఉండాలి. థీసిస్ ఇంగ్లీషులో కాబట్టి తల్లుల మాటల అనువాదం మీదే అవుతుంది. వాళ్లు మాట్లాడిన తెలుగును అదే యాసతో అనుబంధంలో ఉంచండి. వైవాలో మీ కోడింగ్‌ను, అంటే తల్లుల మాటలను ఏ అంశం కింద చేర్చారో ఆ వర్గీకరణను, ఎవరైనా ప్రశ్నిస్తే చూపించాల్సింది ఆ తెలుగు పాఠమే.