కుక్క చాక్లెట్ తిన్నప్పుడు ముందు కవరు వెతుకు

తల్లీ,

బాబు పుట్టినరోజు చాక్లెట్లు మీ పామరేనియన్ తినేసిందనీ, ఏమీ కాలేదనీ మీ అమ్మ చెప్పింది. తిన్నది రెండు చిన్న మిల్క్ చాక్లెట్లేనట కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ అలా గండం తప్పిపోదు. పశువుల ఆస్పత్రిలో పనిచేసిన వాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మళ్లీ ఎప్పుడైనా జరిగితే ముందు కవరు వెతుకు, చెత్తబుట్టలో పడినా సరే. ఏ చాక్లెట్, ఎన్ని గ్రాములు, తిని ఎంతసేపయింది, కుక్క బరువెంత? డాక్టర్ అడిగేవి ఇవే. కోకోలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది, కుక్కలకి అదే విషం. కుక్క ఒంట్లోంచి అది సగం పోవడానికే 17 గంటల పైన పడుతుంది. కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, విపరీతమైన దాహం, ఒకచోట నిలవలేకపోవడం మొదలవుతాయి. 40 దాటితే గుండె దడ, 60 దగ్గరికొస్తే ఫిట్స్.

గ్రాము మిల్క్ చాక్లెట్‌లో థియోబ్రోమిన్ సుమారు 2 మిల్లీగ్రాములు. డార్క్‌లో 5, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కేకుల్లో వేసే కోకో పొడిలో సుమారు 20, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది, అన్నిటికన్నా దానికే నేను భయపడతాను. మీది 3 కిలోలనుకో. 40 గ్రాముల మిల్క్ బార్ తింటే కిలోకి 27 పడుతుంది. అదే డార్క్ అయితే 67. 30 కిలోల లాబ్రడార్ ఆ డార్క్ బారే తిన్నా కిలోకి 7 కూడా రాదు. అందుకే పక్కింటివాళ్ల కుక్కకి ఏమీ కాలేదన్న మాట నీకు పనికిరాదు.

కవరు మీద షుగర్‌ఫ్రీ అని ఉండి, చక్కెర బదులు వాడే జైలిటాల్ కలిసిందంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే బయల్దేరు. అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. కిస్‌మిస్ ఉన్న చాక్లెట్ అయినా అంతే, కిడ్నీలకి ప్రమాదం.

ఉప్పునీళ్లు పట్టమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వినకు. ఒంట్లో ఉప్పు పెరిగి దానివల్లే ప్రాణం పోవచ్చు. పాలు, మజ్జిగ విషాన్ని విరిచెయ్యవు. గొంతులో వేలు పెట్టడం కూడా వద్దు. వాంతి చేయించాలో వద్దో డాక్టర్ చూసి చెప్పాలి, ఇంజెక్షన్‌తో ఆయనే చేయిస్తాడు. తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే మేలు. లక్షణాలు కనబడడానికి 6 నుంచి 12 గంటలు పట్టొచ్చు, కాబట్టి ‘ఆడుకుంటూనే ఉందిగా’ అని ఊరుకోకు.

దీనికి విరుగుడు మందు లేదు. విషాన్ని పట్టుకునే బొగ్గు మందు, సెలైన్ ఇస్తారు, గుండె చూస్తారు. ఇంటికొచ్చాక మాటిమాటికీ బయటికి తీసుకెళ్లి ఉచ్చ పోయించు. మూత్రాశయంలో నిలవ ఉంటే ఆ విషం మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది. రేకు కాగితాలు మింగిందేమో కూడా చెప్పు, పేగుకి అడ్డం పడొచ్చు.

రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో ఇప్పుడే కనుక్కుని నంబర్ ఫోన్‌లో పెట్టుకో. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండ్లు ముఖ్యంగా పాడి పశువుల కోసం, వాటిమీద ఆధారపడకు. డాక్టర్ తిడతాడని కొందరు తిన్నది తగ్గించి చెబుతారు. నువ్వు మాత్రం అనుమానం ఉంటే ఎక్కువే చెప్పు.

ఇట్లు,
మామయ్య