డిప్రెషన్ మాత్రలు మధ్యలో ఆపేయడం స్వభావాన్ని బట్టి ఉంటుందా?

కొంతవరకు ఉంటుంది. ఏ పనైనా పద్ధతిగా చేసుకునేవాళ్లు మాత్రలు కూడా టైముకే వేసుకుంటారు, రాత్రి అన్నం తిన్నాక కంచం కడిగినంత మామూలుగా.

చిక్కల్లా ప్రతిదానికీ కంగారుపడే వాళ్లతో. ఎస్సిటాలోప్రామ్ లాంటి మందు మొదలుపెట్టిన కొత్తలో కడుపులో తిప్పడం, తలనొప్పి మామూలే, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, కానీ వీళ్లు నెట్లో సైడ్ ఎఫెక్ట్స్ అన్నీ చదివేసి, అవన్నీ తమకే వస్తున్నాయనుకుని నాలుగో రోజుకే ఆపేస్తారు. మందు గుణం కనిపించడానికేమో 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి 6 వారాలు పడుతుంది.

"నా మనసు నేనే చూసుకుంటా, మాత్రెందుకు" అనేవాళ్లది ఇంకో రకం; కాస్త తేలికపడగానే మానేస్తారు. నిజానికి తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు డాక్టర్లు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగొచ్చు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనొచ్చు.

అలాగని అన్నీ స్వభావం మీదకి నెట్టకండి, డిప్రెషనే మతిమరుపు, నిరాశ తెచ్చిపెడుతుంది, మందుల ఖర్చూ ఉంటుంది. మీరు కంగారు మనిషైతే ఆ సంగతి మందు రాసేటప్పుడే డాక్టరుకి చెప్పండి, తక్కువ డోసుతో మొదలుపెట్టే వీలుంటుంది.