గ్రహణం రోజు తిరుమల గుడి మూస్తారంటే, ఆ కిరణాలు హానికరమని సైన్స్ కూడా ఒప్పుకున్నట్టేనా?

కాదు, తలుపులు మూయడం ఆలయ ఆచారం. గ్రహణం వేళ కొత్తగా విషకిరణాలేవీ పుట్టవు. సూర్యగ్రహణంలో జరిగేదల్లా సూర్యుడికీ మనకీ మధ్య చంద్రుడు అడ్డం రావడమే. వెలుగు తగ్గుతుంది, దాని గుణం మారదు.

తిరుమలలో గ్రహణానికి దాదాపు 6 గంటల ముందే తలుపులు వేసి, విడుపు తర్వాత శుద్ధి చేసి తెరుస్తారు. తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో అదే సమయానికి గుడి తెరిచి అభిషేకాలు చేస్తారు. కిరణాలే కారణమైతే రెండూ మూయాలి కదా. పైగా పట్టు, విడుపు వేళలు నిమిషాలతో సహా ముందే ప్రకటిస్తున్నారంటే అది ఖగోళ గణితం చలవే. ఆచారం లెక్కను కాదనడం లేదు, దాని మీదే నడుస్తోంది.

చాలామంది పొరబడేది ఇంట్లో. అన్నం మీద దర్భ వేస్తే వేసుకోండి, అది మీ నమ్మకం. గర్భిణిని మాత్రం నీళ్లు కూడా ఇవ్వకుండా గదిలో కూర్చోబెట్టకండి, దయచేసి. అసలు ప్రమాదం కంటికే: మసక వెలుతురులో కనుపాప పెద్దదవుతుంది, మిగిలిన సన్నని సూర్యుడి వంక నేరుగా చూస్తే రెటీనా దెబ్బతింటుంది, ఆ క్షణంలో నొప్పి కూడా తెలియదు. చంద్రగ్రహణాన్నయితే వట్టి కళ్లతో ఎంతసేపైనా చూడొచ్చు.