ఆ గొయ్యి సంగతి ఎందుకు వదిలేశావు?

తమ్ముడూ,

సెయింట్ జాన్ ఆర్డర్ అనే క్రైస్తవ నైట్ల (యోధుల) సంఘానికి అధిపతి అయిన జాన్ ద లా వాలెట్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. 1565లో తురుష్కులు మాల్టా దీవిని ముట్టడించిన ఘట్టం దగ్గరికొచ్చేసరికి నీ కలం పరుగెత్తింది, సంతోషం. కానీ అంతకుముందు నాలుగు పేజీల్లో మనిషి జాడ లేదు. "అచంచల విశ్వాసం", "పుట్టుకతోనే వీరుడు" లాంటివి ఏ మహనీయుడికైనా అతుకుతాయి. పేరు మార్చి చూడు, తేడా తెలియదు.

1538లో ఇతను ఒక మామూలు పౌరుణ్ణి చచ్చేలా కొట్టాడు. సెయింట్ జాన్ ఆర్డర్ వాళ్లే ఇతన్ని మాల్టా పక్కనున్న గోజో దీవిలో నేలలో తవ్విన గోతిలో నాలుగు నెలలు పడేసి, ఆ తర్వాత రెండేళ్లు ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీకి పంపేశారు. ఈ సంగతి నీ నోట్సులో ఉంది, వ్యాసంలో లేదు. హీరోకి మచ్చ అవుతుందని టెన్షన్ పడ్డావా?

1541లో జరిగింది ఇంకా పెద్దది. సముద్రం మీద పోరులో గాయపడ్డాడు, ఓడ పోయింది, ఏడాదిపాటు శత్రువుల ఓడలో బానిసగా తెడ్డు వేశాడు. నువ్వేమో "అనేక కష్టాలు అనుభవించాడు" అని దాటేశావు. అక్కడ ఆగవయ్యా! తెడ్డు వేసేవాణ్ణి బల్లకు గొలుసుతో కట్టేస్తారు. తిండీ నిద్రా ఆ బల్ల మీదే, మలమూత్రాలూ అక్కడే. పెద్దింటి పుట్టుక రుజువు చేసుకుంటేగానీ నైట్‌గా చేర్చుకోని ఆర్డర్ మనిషి, అలాంటి బల్ల మీద. చివరికి ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. 1554లో ఆర్డర్ ఓడలన్నిటికీ అధిపతి అయ్యాడు. ఆ ఓడల్లో తెడ్లు వేసిందెవరనుకున్నావు? పట్టుబడ్డ ముస్లిం బానిసలు కూడా. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కనే పెట్టి ఊరుకో, వ్యాఖ్యానం జోలికి పోకు.

ఇక నాకు అస్సలు నచ్చనిది. ముట్టడిలో జూన్ 23న మాల్టాలోని సెయింట్ ఎల్మో కోట పడిపోయాక తురుష్కులు నైట్ల మొండేలను శిలువలకు కొట్టి నీళ్లలో వదిలారని కళ్లకు కట్టినట్టు రాశావు. దానికి బదులుగా వాలెట్ తురుష్క ఖైదీల తలలు నరికించి ఫిరంగుల్లో పెట్టి పేల్పించాడన్నది మాత్రం ఎగిరిపోయింది. సగం చెప్పి సగం దాస్తే పాఠకుడు పసిగడతాడు. ఒకసారి పసిగట్టాడా, నువ్వు రాసిన నిజాన్ని కూడా నమ్మడు.

అప్పటికి వాలెట్‌కు దాదాపు 70 ఏళ్లు. కోటల్లో ఉన్నవాళ్లు సుమారు 6,000 మంది, అందులో నైట్లు 500 మంది దాకా. మిగతావాళ్లలో ఎక్కువమంది మాల్టా జనమే. కూలిన గోడల దగ్గర రాళ్లు మోసిన ఆడవాళ్లనీ పిల్లల్నీ నీ వ్యాసంలో వెతికాను, దొరకలేదు. వాళ్లకు ఒక పేరా ఇవ్వు.

1566 మార్చి 28న వాలెట్టా అనే కొత్త నగరానికి శంకుస్థాపన, 1568లో మరణం. నగరం పూర్తవడం అతను చూడలేదు. ఆ భాగం బాగానే కుదిరింది, ముట్టుకోకు. ముట్టడి సగానికి తగ్గించి ఆ చోటు తెడ్డు బల్లకు ఇచ్చి, నెలాఖరులోగా మళ్లీ పంపు. చూసి పెడతాను.

మీ అన్నయ్య